అడగండి, మాట్లాడుకుందాం: కుళాయి ఎవరిది, బెంచీ ఎవరిది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెసేజీల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయండి, చిన్నపిల్లలకి హక్కుల గురించి పాటల్లో చెప్పొచ్చా, అదీ తెలుగు ఇంగ్లీష్ కలిపి చెప్పొచ్చా అని. అందుకని మామిడి నిల్వపచ్చడి బూజు, అత్తగారి ఫోను వ్యసనం వగైరా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి నెట్టేసి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా, ఏమనుకోకండి.

ప్రశ్న: అక్కా, నేను అంబాజీపేట దగ్గర ఒక మండల పరిషత్ స్కూల్లో ఒకటి, రెండు తరగతులు చెప్తాను. మా పిన్ని కూతురు టెక్సాస్‌లో ఉంటుంది, వాళ్ళ బాబు కిండర్‌గార్టెన్‌లో, బస్సులో తెల్లవాళ్ళకి సీటివ్వనని కూర్చున్న నల్లజాతి ఆవిడ రోసా పార్క్స్ మీద ఒక పాట నేర్చుకుని వీడియో కాల్‌లో పాడి వినిపించాడు, సగం ఇంగ్లీష్, సగం స్పానిష్. నాకు భలే నచ్చింది. మన టెక్స్ట్‌బుక్కులు కూడా ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషే కదా, మన పిల్లలకీ అలా చేస్తే ఎలా ఉంటుంది? కానీ ఆరేళ్ళ పిల్లలకి పౌరహక్కులంటే మరీ ఎక్కువేమో అని భయం. మా హెచ్‌ఎమ్ గారు కూడా దేశభక్తి గీతాలు నేర్పితే చాలమ్మా అంటున్నారు.

జవాబు: చెయ్యమ్మా, తప్పకుండా చెయ్యి. వయసు గురించి భయపడకు. మీ క్లాసులో మధ్యాహ్నం గుడ్డు పెట్టేటప్పుడు ఒకడికి పెద్దది వచ్చి ఇంకొకడికి చిన్నది వస్తే ఏం జరుగుతుందో నీకు నేను చెప్పాలా, అన్యాయం అనే మాట రాకపోయినా అన్యాయం అంటే ఏంటో మూడేళ్ళకే తెలిసిపోతుంది వాళ్ళకి. ఇంకో సంగతి, అమెరికాలో నల్లవాళ్ళ పౌరహక్కుల ఉద్యమం నడిచినప్పుడు పిల్లలు పక్కన కూర్చుని చూడలేదు. 1960 నవంబర్ 14న న్యూ ఆర్లీన్స్‌లో తెల్లవాళ్ళ స్కూల్లోకి నలుగురు ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ పోలీసులు) కాపలాతో నడిచి వెళ్ళిన రూబీ బ్రిడ్జెస్‌కి సరిగ్గా ఆరేళ్ళు, అంటే నీ ఒకటో క్లాసు పిల్లంత. తెల్లవాళ్ళు వాళ్ళ పిల్లల్ని స్కూల్లోంచి తీసుకెళ్ళిపోతే ఆ ఏడాదంతా ఒక్క టీచరు, ఒక్క పిల్ల, ఒక క్లాసు రూము. 1963 మే నెలలో బర్మింగ్‌హామ్‌లో అయితే స్కూలు పిల్లలు వందలకి వందలు పాటలు పాడుకుంటూ వీధుల్లోకి వస్తే వాళ్ళ మీదకి ఫైరింజన్ నీళ్ళు కొట్టారు, కుక్కల్ని వదిలారు, జైల్లో వేస్తే అక్కడా పాడారు. ఈ కుక్కల సంగతి ఒకటో క్లాసులో చెప్పకు, రూబీ సంగతి చెప్పు, చాలు.

ఆ బాబు పాటలో స్పానిష్ ఎందుకుందంటే దానికీ ఒక కథ ఉంది. టెక్సాస్, కాలిఫోర్నియా వైపు ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లల్ని స్కూల్లో స్పానిష్ మాట్లాడితే కొట్టిన రోజులున్నాయి (మన దగ్గర తెలుగు మాట్లాడితే ఫైన్ కట్టించుకునే స్కూళ్ళు గుర్తొస్తున్నాయా?). మెక్సికన్ పిల్లలకి వేరే స్కూళ్ళు పెడితే సిల్వియా మెండెజ్ అనే పాప వాళ్ళ అమ్మానాన్న ఇంకొన్ని కుటుంబాలతో కలిసి కోర్టుకెక్కి, 1947లో అప్పీల్లో కూడా గెలిచారు, నల్లపిల్లలకి వేరే స్కూళ్ళు పెట్టకూడదన్న పెద్ద తీర్పు 1954లో వచ్చింది, అంటే దానికి ఏడేళ్ళు ముందన్నమాట. తర్వాత 1965లో కాలిఫోర్నియా డెలానోలో ద్రాక్షతోటల కూలీల సమ్మె, ముందు ఫిలిప్పీన్స్ వాళ్ళు మొదలుపెట్టారు, వారం తిరిగేసరికి సీజర్ చావెజ్, డొలోరెస్ హ్యుయెర్టా అనే నాయకుల వెంట మెక్సికన్ కూలీలు వచ్చి కలిశారు. భాషలు వేరు, కడుపులు ఒకటే. లారీల మీద ఎక్కి నాటకాలు వేశారు, రెండు భాషల్లో పాడారు. రెండు భాషల పాట స్కూలోళ్ళు ముచ్చటకి కనిపెట్టింది కాదు, పొలంలో పక్కపక్కన నిలబడ్డవాళ్ళకి అవసరమై పుట్టింది.

ఇప్పుడు నీ క్లాసు సంగతి. నేను గట్టిగా చెప్పేది ఒకటే. పాటలో "వద్దు" అనో "ఎందుకు" అనో ఒక్క ఎదురుమాటైనా ఉండాలి. మనమంతా ఒకటే, చేయి చేయి కలుపుదాం, పువ్వులం మనం నవ్వులం మనం, ఇలాంటివి వినడానికి బానే ఉంటాయి కానీ వాటితో పిల్లకి ఏం ఒరగదు, ఎందుకంటే రేపు కుళాయి దగ్గర ఎవరో నువ్వు వెనక్కిపో అంటే ఆ పాటలో దానికి జవాబు లేదు. మీ హెచ్‌ఎమ్ గారి దేశభక్తి గీతాలూ నేర్పు, తప్పులేదు, కానీ దాంతో ఇది అయిపోయినట్టు కాదు. ఈ గొడవ మన రాజమండ్రిలో వందేళ్ళ కిందటే వచ్చింది. తెల్లదొరతనం మాకొద్దు అని గరిమెళ్ళ సత్యనారాయణ గారు పాట రాసి జైలుకెళ్ళారు కదా, అదే రోజుల్లో, 1920ల మొదట్లో, కుసుమ ధర్మన్న గారు నల్లదొరతనం కూడా మాకొద్దు అని దానికి దీటుగా ఇంకో పాట రాశారు, తెల్లోడు పోయినా మమ్మల్ని అంటరానోళ్ళని తోసేసేది మీరేగా అని. రెండూ దేశం పాటలే, ఆలోచించు.

ఇంక పాట కట్టడం. ట్యూను కోసం యూట్యూబ్ మీద పడకు. మన వైపు ఊడుపుల్లో ఎలా పాడతారు, ఒకావిడ అందుకుంటుంది, మిగతావాళ్ళు వంత పాడతారు, అమెరికాలో నల్లవాళ్ళ చర్చి పాటలూ అదే పద్ధతి. చదవడం రాని పిల్లలకి ఇంతకంటే మంచి పద్ధతి లేదు, ఎందుకంటే వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్క వంత ముక్కే. అందుకుని పాడే ముక్క తెలుగులో నువ్వు పాడు, వంతలో ఒకటో రెండో ఇంగ్లీష్ ముక్కలు పెట్టు, బయట నిజంగా నోటితో అనగలిగేవి. నేను ఊరికే ఒకటి కట్టి పంపిస్తున్నా, నీకు నచ్చినట్టు మార్చుకో:

కుళాయి కాడ లైనుంది – లైనుంది, లైనుంది!
ముందొచ్చినోళ్ళు ముందుంటారు – ఫస్ట్ కమ్, ఫస్ట్!
నువ్వు పోయి ఎనకాల నిలబడంటే – ఎందుకు? టెల్ మీ వై!
నీ గ్లాసు ఏరే తెచ్చుకోమంటే – ఎందుకు? టెల్ మీ వై!
కుళాయి ఎవరిది? – అందరిది!
బెంచీ ఎవరిది? – అందరిది!
నా వంతు వస్తే – ఇట్స్ మై టర్న్!
నీ వంతు వస్తే – ఇట్స్ యువర్ టర్న్!

"ఎందుకు" దగ్గర కాలు నేలకేసి కొట్టమను, ఆ ఒక్క చోటే, అన్ని చోట్లా కొడితే గోల అయిపోయి పాట పోతుంది. నాలుగు రోజులయ్యాక వరుసలు వాళ్ళనే అడుగు, ఇంకేం ఎవరిది అని, ఉయ్యాల ఎవరిది, బాలు ఎవరిది, రేవు ఎవరిది అని వాళ్ళే తెస్తారు. రేవు అనే పిల్ల ఒకతైనా ఉంటుంది చూడు, అక్కడ ఆగి నువ్వు రాజ్యాంగం సంగతి చెప్పొచ్చు, 15వ ఆర్టికల్‌లో బావులు, చెరువులు, స్నానాల రేవులు, రోడ్లు అని పేరు పెట్టి మరీ రాశారు, కులం, మతం, ఆడా మగా అని చూసి ఎవర్నీ రావద్దనకూడదని. మంచినీళ్ళ చెరువు లేని ఊరుందా మన డెల్టాలో? కాటన్ దొర 1852కల్లా దవళేశ్వరం ఆనకట్ట కట్టి పొలాలన్నిటికీ నీళ్ళు పారించాడు, ఆ నీళ్ళు చెరువులోకి వచ్చాక ఎవరు ముంచుకోవాలి అన్నది మాత్రం ఊళ్ళో కులాలే తేల్చాయి. అందుకే 1927 మార్చి 20న మహారాష్ట్ర మహద్‌లో అంబేద్కర్ గారు చవదార్ చెరువులోకి దిగి దోసిట్లో నీళ్ళు తాగడం అనేది మన పిల్లలకి అమెరికా బస్సు కంటే తొందరగా అర్థమవుతుంది. మీ జిల్లా పేరులోనే ఆయన ఉన్నారు, విగ్రహానికి దండేసిన రోజు మాత్రమే కాకుండా ఈ నీళ్ళ కథ కూడా పాటగా పాడితే బావుంటుంది.

రోసా పార్క్స్ చెప్పేటప్పుడు ఒక్కటి చూసుకో. పాపం ముసలావిడ, కాళ్ళు నొప్పులు పుట్టి లేవలేకపోయింది అని చెప్పేస్తుంటారు. ఆవిడకి అప్పుడు 42 ఏళ్ళు, కాళ్ళు నొప్పులు కాదు కారణం, ఒప్పుకుని ఒప్పుకుని విసుగొచ్చింది అని ఆవిడే చెప్పారు, అప్పటికే ఊళ్ళో హక్కుల సంఘానికి సెక్రటరీ కూడా. 1955 డిసెంబర్ 1న అది జరిగితే, అంతకు తొమ్మిది నెలల ముందే క్లాడెట్ కొల్విన్ అని 15 ఏళ్ళ పిల్ల అదే ఊళ్ళో అలాగే లేవనంది, అరెస్టయింది. ఆ తర్వాత 381 రోజులు మాంట్‌గోమరీలో నల్లవాళ్ళు సిటీ బస్సెక్కలేదు, నడిచారు, కార్లలో సర్దుకున్నారు. ఈ నడక పిల్లలకి ఇష్టం, వరండా చుట్టూ నడిపిస్తూ పాడించు. పల్లెవెలుగు బస్సులో సీటు కోసం కర్చీఫ్ వెయ్యడం చూసిన పిల్లలు కదా, సీటు విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొక్క మాట, కొంచెం కటువుగా ఉంటుంది. బెంచీ అందరిది అని పాడించే ముందు నీ క్లాసులో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో ఒకసారి చూసుకో. పాట నేర్పి, వెనక బెంచీలో ఎప్పుడూ ఆ పేట పిల్లలే ఉంటే, పిల్లలు కనిపెట్టేస్తారు. వాళ్ళు కనిపెట్టి నిన్నే "టెల్ మీ వై" అంటే కోప్పడకు, పాట పనిచేస్తోందని అర్థం.

ప్రశ్న: మేడమ్ గారూ, నాది భీమవరం దగ్గర, రొయ్యల చెరువుల పని. మా అబ్బాయి యూకేజీ. స్కూల్లో కులం గిలం అంటూ పాటలు పాడిస్తున్నారంట. పిల్లలకి లేనిపోనివి మనమే బుర్రలో పెడుతున్నట్టు కాదాండి? తెలీకుండా ఉంటేనే మంచిది కదా?

జవాబు: తెలీకుండా ఉంటే మంచిదే అండి, కానీ తెలీకుండా ఎక్కడున్నాడు? మీ ఇంట్లో పనికొచ్చేవాళ్ళకి టీ ఏ గ్లాసులో ఇస్తున్నారో, ఆ గ్లాసు ఎక్కడ పెడుతున్నారో వాడు చూస్తున్నాడు, చెరువు మీద పనోళ్ళు మిమ్మల్ని అండీ అంటే మీరు వాళ్ళని ఏరా అంటున్నారా, వయసులో పెద్దాయన్ని కూడా, అదీ వింటున్నాడు. మనం నోటితో చెప్పకపోయినా ఆ పాఠం రోజూ జరుగుతూనే ఉంది. స్కూల్లో పాట లేనిపోనిది పెట్టడం కాదు, ఉన్నదానికి ఇంకో వైపు చూపించడం. అలా అని ఐదేళ్ళ పిల్లాడికి కులాల పేర్లు వరసపెట్టి చెప్పమని నేను అనను, అక్కర్లేదు కూడా, "ఎవర్నీ వేరే గ్లాసులో తాగమనకూడదు" అంటే చాలు వాడికి. అసలు మన గోదావరి జిల్లాల్లో డొక్కా సీతమ్మ గారి పేరు వినని ఇల్లు ఉందాండి, లంకల గన్నవరంలో ఆవిడ గుమ్మంలోకి వచ్చినవాడి కులం అడక్కుండా అన్నం పెట్టారు, బడి భోజనానికి 2024లో ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ కథ చెప్పి, "అన్నం ఎవరికి? ఆకలేసిన వాళ్ళకి" అని ఒక వరుస మీరే ఇంట్లో పాడించండి. స్కూలు మీద కంప్లైంట్ ఇచ్చే ముందు ఒకసారి వెళ్ళి ఆ పాట వినండి.

ప్రశ్న: అమ్మా, నేను పాలకొల్లులో రిటైరైన తెలుగు పండితుణ్ణి. మనవరాలికి ఇటు తెలుగూ సరిగా రాదు, అటు ఇంగ్లీషూ రాదు. ఇలా కలిపి పాడిస్తే రెండూ చెడవా?

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ బాధ నాకు తెలుసండి. కలిపి పాడితే చెడదు, ఎలాపడితే అలా కలిపితే చెడుతుంది. ఒక లైను తెలుగు, దానికే ఇంగ్లీష్ అర్థం ఇంకో లైను, ఇలా పాడించే పాటలు చూశాను, పిల్లలు తెలిసిన లైను పాడతారు, తెలియని లైనుకి నోరు కదుపుతారంతే. అలా కాకుండా కథంతా తెలుగులో నడిపించి, పదే పదే వచ్చే చోట ఒక్క ఇంగ్లీష్ ముక్క పెడితే అది దానంతటదే నోటికి వస్తుంది. ఆ తెలుగు కూడా ఇంట్లో మాట్లాడే తెలుగై ఉండాలి, "సమానత్వ సిద్ధికై సాగుదాం" అంటే పాపం పిల్లకి అదీ ఇంగ్లీషులాగే ఉంటుంది, మీరు కోప్పడినా సరే. ఇంకో పని మీకే అప్పజెప్తున్నా, చెమ్మచెక్కలు, గొబ్బిపాటల వరసలు మీ తరానికి ఉన్నన్ని మాకు రావు. ఆ వరసల్లో కొత్త మాటలు కట్టి దగ్గర్లో ఉన్న స్కూలుకి ఇవ్వండి. వరసలు పాతవి, మాటలు మీవి, ఎవరూ కాదనరు.

ప్రశ్న: మేడమ్, నేను అంగన్‌వాడీ టీచర్ని, రాజోలు వైపు. నాకు గొంతు అస్సలు బాగోదు. హార్మోనియం లాంటివి లేవు. పాట ఎలా చెప్పాలి?

జవాబు: గొంతు బాగోకపోవడమే మంచిదమ్మా, బాగుంటే పిల్లలు పాడకుండా కూర్చుని వింటారు! మీ దగ్గర స్టీలు కంచాలు, గరిటెలు ఉన్నాయి కదా, చాలు. ఇంకా వీలైతే ఊళ్ళో డప్పు వాయించే వాళ్ళని ఒక పూట పిలవండి. తీర్థాలకి, ఊరేగింపులకి డప్పు కావాలి కానీ వాయించిన మనిషి మాత్రం దూరంగా నిలబడాలి అన్న ఊళ్ళు మనకి తెలియనివి కాదు కదా. మీ సెంటర్‌కి ఆయన వచ్చినప్పుడు కుర్చీ వెయ్యండి, మీరు తాగే కప్పులోనే టీ ఇవ్వండి, పిల్లల చేత "మాస్టారూ" అని పిలిపించండి. దరువు నేర్పినందుకు ఎంతో కొంత డబ్బు కూడా ఇవ్వాలి, ఊరికే రమ్మనకూడదు. ఆ రోజు పిల్లలు చూసింది పాటలో చెప్పాలంటే పది చరణాలు పడుతుంది.

ప్రశ్న: మా ప్రైవేటు స్కూలు యాన్యువల్ డేకి పౌరహక్కుల మీద ఒక ఐటమ్ చేస్తున్నాం, ఇంగ్లీష్ తెలుగు పాటతో. రోసా పార్క్స్, మార్టిన్ లూథర్ కింగ్ వేషాలు వేసే పిల్లలకి ముఖానికి నల్లరంగు వేద్దామని మేకప్ ఆయన అంటున్నారు. లేదా క్లాసులో బాగా నల్లగా ఉన్న పిల్లల్నే తీసుకుందామా? (కాకినాడ నుంచి ఒక మ్యూజిక్ టీచర్)

జవాబు: రెండూ వద్దండి. రంగు అసలే వద్దు. అమెరికాలో 1800ల్లో తెల్లనటులు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళని ఎగతాళి చేస్తూ స్టేజీ షోలు వేసేవారు, జనం టికెట్లు కొనుక్కుని నవ్వేవారు. అందులో ఒక వేషం పేరు జిమ్ క్రో. తర్వాత నల్లవాళ్ళకి వేరే బస్సు సీటు, వేరే కుళాయి, వేరే స్కూలు అని పెట్టిన చట్టాలన్నిటికీ జనంలో ఆ వేషం పేరే స్థిరపడింది. రోసా పార్క్స్ ఎదిరించింది ఆ చట్టాలనే, ఇప్పుడు ఆవిడ వేషానికే ఆ మసి పూస్తే ఎలా చెప్పండి. ఇక నల్లగా ఉన్న పిల్లల్ని ఏరడం, అది మన సొంత రోగం. కర్రోడా, కర్రిదానా అని ఏడాదంతా పిలిపించుకున్న పిల్లకి స్టేజీ మీద కూడా "నువ్వు నల్లగా ఉన్నావు కాబట్టే" అని వేషం ఇస్తే తను ఏం నేర్చుకుంటుంది? బాగా పాడే పిల్లకి ఇవ్వండి, ఒక కోటు, ఒక కళ్ళజోడు, ఒక హ్యాండ్‌బ్యాగు, ఎవరో తెలియడానికి అంతే చాలు. కుర్చీలు రెండు వరుసలు వేసి బస్సు చెయ్యండి. డ్రైవర్ వేషానికి మాత్రం పోటీ ఉంటుంది, ముందే చెప్తున్నా.

ప్రశ్న: హిందీలో "హమ్ హోంగే కామ్యాబ్" మన దేశం పాటే కదా? దాన్ని తెలుగు ఇంగ్లీషుల్లో పిల్లల చేత పాడించి యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ వస్తుందా? (తణుకు)

జవాబు: పాట ఊరు అమెరికా అండి, ఇంగ్లీషులో "వి షల్ ఓవర్‌కమ్". నల్లవాళ్ళ చర్చి పాటల్లోంచి వచ్చింది, 1945లో సౌత్ కరోలినా చార్ల్స్‌టన్‌లో సిగార్ ఫ్యాక్టరీ పనివాళ్ళు, ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్ళు, సమ్మెలో పాడుకున్నారు, వాళ్ళ దగ్గర్నుంచి టెనెసీలో హైలాండర్ అనే శిక్షణ స్కూలుకి చేరింది, పీట్ సీగర్, గై కారవాన్ లాంటి గాయకుల ద్వారా 1960 నుంచి ఉద్యమమంతా పాకింది. హిందీ మాటలు కవి గిరిజా కుమార్ మాథుర్‌వి. ఇంగ్లీష్ పాట మీద హక్కు మాదే అని ఒక పబ్లిషర్ చాలాకాలం డబ్బు వసూలు చేశారు, దాని మీద కేసు పడి 2018లో అది అందరి సొత్తుగా తేలింది, కాబట్టి ఇంగ్లీషు దానికి బెంగ లేదు. హిందీ మాటలకి అది వర్తించదు, ఆ కవి పోయింది 1994లో, మన చట్టంలో కవి పోయాక 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. అందుకని తెలుగు మాటలు ఇంగ్లీష్ పాట చూసి మీరే సొంతంగా రాసుకోండి, ఇంకొకరి రికార్డింగ్ వెనక పెట్టి దాని మీద పాడించకండి, కంచాలు గరిటెలు వాయించుకోండి. పిల్లల ముఖాలు కనపడేలా వీడియో పెట్టేటప్పుడు తల్లిదండ్రుల చేత కాగితం మీద సంతకం తీసుకోండి, హక్కుల పాటకి పిల్లల్ని అడక్కుండా వీడియో పెట్టడం ఏంటండి మరీ.